మనవరాలి బిస్మిల్లా

వీపనగండ్ల, 4 అక్టోబర్ 2024

ఈ నెలలోనే మనవరాలికి నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండుతాయి. మా దక్కన్ ముస్లిముల ఇండ్లలో ఆ రోజు పిల్లకు బిస్మిల్లా చేస్తారు. పక్కింట్లో అక్షరాభ్యాసం ఎట్లనో మాకిది అట్లా. చదువు చెప్పే హజ్రత్ ముందు కూర్చోబెట్టి బిస్మిల్లా పలికిస్తారు. తర్వాత ‘ఇఖ్రా’ ఆయతులు. హిరా గుహలో ప్రవక్తకు మొట్టమొదట అందినవి అవే, చదవమని ఆజ్ఞాపించేవి. వయసు లెక్క మాత్రం కుర్ఆన్‌లో లేదు, హదీసులో లేదు. పెద్దలు పెట్టుకున్న ఆచారం. అందుకని హంగులు వద్దన్నాను. లడ్డూలకైతే కోడలు పట్టుబట్టింది, సరేనన్నాను.

8 అక్టోబర్

చెలకలో పల్లి విత్తనం పడింది. గొర్రు కదిలేముందు బిస్మిల్లా అనుకున్నాను. అపార కరుణామయుడు, కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో మొదలుపెడుతున్నానని దానర్థం. ఆ పేరు తలచాక పని నా ఇష్టానికి జరిగేది కాదు, ఆయనకు జవాబు చెప్పుకోవలసినది. పక్కవాడి గట్టు చెక్కుతూ ఆ మాట ఎట్లా అంటాను? తప్పని తెలిసిన పనికి బిస్మిల్లా అనడమే పాపమని మా ఉలమా, అంటే మత పండితులు, చెప్తారు. అన్నం ముందు మరిచిపోతే మాత్రం దారి ఉంది: గుర్తొచ్చినప్పుడే, మొదటికీ చివరికీ అల్లాహ్ పేరుతోనే అని చెప్పుకోమన్నారు ప్రవక్త.

మా అబ్బా ఉత్తరాల పైన 786 వేసేవాడు. అబ్జద్ లెక్కలో బిస్మిల్లా అక్షరాల మొత్తం అది. కాగితం కాళ్ల కింద పడితే పేరుకు అగౌరవమని ఆయన భయం. ఆ భయాన్ని గౌరవిస్తాను. కానీ అంకె వేసినంత మాత్రాన పేరు పలికినట్టు కాదు.

12 అక్టోబర్, దసరా

పొద్దున్నే వాడకట్టులో పొట్టేలు. పోగుల్లో మాకూ భాగం ఉంది కనుక హలాల్ చేయమని నన్ను పిలిచారు. ‘బిస్మిల్లాహి అల్లాహు అక్బర్’ అని కోశాను. పక్కింటి తమ్ముడు అడిగాడు: “సాయిబన్నా, ఇంట్ల అనే మాట ఇంకింత పొడుగుంటది గద? ఈడ సగమే అన్నవేంది?”

నిజమే, కత్తి పట్టినప్పుడు రహ్మాన్, రహీమ్ అనము. ప్రాణం తీసే చోట కరుణ నామాలు పలకడం తగదని పెద్దలు చెప్తారు. కుర్ఆన్‌లోనూ 114 సూరాల్లో తౌబా ఒక్కటే బిస్మిల్లా లేకుండా మొదలవుతుంది. ఒప్పందాలు తప్పినవారితో తెగతెంపుల ప్రకటన అది. అందుకే లేదని కొందరి వివరణ. ముందున్న అన్ఫాల్‌కు కొనసాగింపు కనుక లేదని మరికొందరిది. ఆ లోటు నమ్ల్ సూరాలో తీరుతుంది: సబా రాణికి సులైమాన్ రాసిన ఉత్తరం ఈ మాటతోనే మొదలు. రాజు రాణికి రాసిన రాజకీయ లేఖలో ముందు నిలిచింది కరుణే. ఇది నాకెంతో ఇష్టం.

17 అక్టోబర్

అసర్ నమాజు తర్వాత బిస్మిల్లా అయింది. ‘రహీమ్’ దగ్గర పిల్ల ఆగింది. హజ్రత్ తొందరపెట్టలేదు, మళ్లీ అందించారు, అన్నది. వాడకట్టు పిల్లలందరికీ లడ్డూలు పంచాం. శనివారం నుంచి మసీదులో ఆమె చదువు మొదలు.