26 డిగ్రీల సముద్రం

ఒళ్ళు వణుకుతోందంటే మా వైపు ముందు తలుచుకునేది మలేరియానే. జనవరిలో ఒక మధ్యాహ్నం చేపల రేవు జువ్వలదిన్నె నుంచి ఆటోలో తెచ్చిన కుర్రవాణ్ణి చూడగానే మా నర్సు రక్తపరీక్షకు స్లైడు తీసింది. సన్నటి మనిషి, ఒంట్లో చిటికెడు కొవ్వు లేదు. బోటు అడుగున తిరిగే ఫ్యాన్‌కు తెగిన వల చుట్టుకుంటే కత్తి పట్టుకుని కిందికి దిగి కోసి రావడం అతని పని. ఆ రోజు ఒక బోటు తర్వాత ఇంకో బోటు తగిలింది. మధ్యలో తడి బనీనుతోనే గాలికి కూర్చున్నాడు.

చంకలో థర్మామీటరు పెడితే పాదరసం కదల్లేదు. పాడైందేమోనని నర్సు విదిలించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. జ్వరం చూసే థర్మామీటరులో గీతలు 94 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మొదలవుతాయి. చర్మం అంతకంటే చల్లబడిన సంగతి అది చెప్పలేదు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తిచ్చినప్పుడు వాడే ప్రోబ్ తెప్పించి చూస్తే లోపలి వేడి 34.8 సెల్సియస్ ఉంది. 35కు దిగువన ఉంటే వైద్యం దాన్ని హైపోథర్మియా అంటుంది. చొక్కా గుండీ పెట్టుకోమంటే వేళ్ళు మాట వినలేదు. నాలుక మడతపడుతోంది. వాళ్ళమ్మ మాత్రం నా ముఖంలో ఇంకో అనుమానం వెతుక్కుంది.

"వాడు తాగలేదు సారూ, అమ్మోరి తోడు. పొద్దున చద్దన్నం తిని పోయినోడు, అంతే" అంది.

తాగలేదని నాకు తెలుసు. తడిబట్టలు విప్పి, ఒళ్ళు తుడిచి, దుప్పట్లు కప్పి, మింగగలడని చూసుకున్నాక పంచదార ఎక్కువ వేసిన వేడి టీ పట్టించాం. సాయంత్రానికి మామూలు మనిషయ్యాడు. ఆ తల్లికి అర్థం కానిది ఒక్కటే. "మన సముద్రం చల్లగా యాడుంటది సారూ?"

ఆమె ప్రశ్నలో న్యాయం ఉంది. పుష్యమాసంలో కూడా మన తీరంలో నీళ్ళు 26 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. అదే 26 డిగ్రీలు గాలిలో అయితే చొక్కా లేకుండా అరుగు మీద హాయిగా పడుకుంటాం. కానీ నీళ్ళు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని గుంజుకుంటాయి. బట్టల్లేని మనిషి కదలకుండా ఉండి తన వేడిని తాను నిలుపుకోవాలంటే నీళ్ళు 33 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. బంగాళాఖాతం నడివేసవిలో కూడా అంత వేడెక్కదు. అంటే మన సముద్రంలో ఏ నెలలో దిగినా మనిషి వేడి పోగొట్టుకుంటూనే ఉంటాడు. ఎంతసేపట్లో ఎంత పోతుందన్నదే తేడా.

మంచులాంటి నీళ్ళలో పడ్డవాడికి ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. ఊపిరి ఎగపోస్తుంది, చర్మం మంట పుడుతుంది, బయటికి రావాలనిపిస్తుంది. 26 డిగ్రీల నీళ్ళలో ఆ హెచ్చరిక రాదు. చర్మం పెద్దగా గోల చెయ్యదు, వణుకు కూడా ఆలస్యంగా వస్తుంది. ఈలోగా లోపలి వేడి మెల్లగా జారుతుంది. మొదట బద్ధకం వస్తుంది, తర్వాత మతిమరుపు, ఆ పైన చేతిలో పనిముట్టు జారిపోవడం. కృష్ణపట్నం వైపు ఓడల అడుగు చూసే పనిలో ఉన్న ఒక డైవరు నాతో అన్నాడు, మూడో రోజుకు నీళ్ళంటేనే విసుగు పుడుతుందని. విటమిన్ మాత్రలు రాయమన్నాడు. రక్తం బాగుంది, సుగరు బాగుంది. అడిగితే తేలింది, వేసవిలో తొడుక్కునే పల్చటి లైక్రా చొక్కాతోనే డిసెంబరు అంతా దిగుతున్నాడు. అతనికి కావలసింది ఒళ్ళంతా కప్పే 3 మిల్లీమీటర్ల మందపు రబ్బరు వెట్‌సూట్.

మన సముద్రంలో శీతాకాలపు తమాషా ఇంకొకటి ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగ, మహానది, గోదావరి, కృష్ణ పోసిన మంచినీళ్ళ పాలు అందులో ఎక్కువ. ఉప్పు తక్కువ కాబట్టి ఆ నీళ్ళు తేలిక, పైపొరగా పరుచుకుంటాయి. ఈశాన్యం నుంచి వీచే పొడిగాలికి ఆ పొర చల్లబడుతుంది, అయినా తేలిక కాబట్టి కిందికి దిగదు. అందువల్ల కొన్నిచోట్ల అడుగు నీళ్ళకంటే పైనీళ్ళే చల్లగా ఉంటాయి. దానికి తోడు, పైకొచ్చి బోటెక్కినవాడి తడి ఒంటిని ఆ గాలే మళ్ళీ పీలుస్తుంది. "దిగినప్పుడు లేని చలి పైకొచ్చాక పట్టింది" అన్న మాట నేను చాలామంది నోట విన్నాను. ఒకసారి దిగి వచ్చి మళ్ళీ దిగేలోగా ఒళ్ళు తుడుచుకుని, పొడిబట్ట కట్టుకుని, గాలికి చాటుగా కూర్చోవడం సగం సూటుతో సమానమని వాళ్ళకు చెబుతాను.

వెట్‌సూట్ పనిచేసే తీరు తెలిస్తే మందం ఎంచుకోవడం తేలిక. 1950ల మొదట్లో అమెరికాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని రూపొందించాడు. ఒళ్ళు తడవకుండా చూడటం దాని పని కాదని ఆయన గ్రహించాడు. వేడిని ఆపేది నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న నైట్రోజన్ బుడగలు. పది మీటర్ల లోతుకు దిగితే ఒత్తిడి రెట్టింపై ఆ బుడగలు సగానికి నలుగుతాయి, ఇరవై మీటర్ల దగ్గర మూడోవంతే మిగులుతాయి. కొట్లో చేత్తో పట్టి చూసిన మందం అడుగున ఉండదు. ఏళ్ళ తరబడి వాడిన సూటులో బుడగలు చితికిపోయి ఉంటాయి కాబట్టి పాత 5 మిల్లీమీటర్లది కొత్త 3 మిల్లీమీటర్లదానికి సాటి రాకపోవచ్చు. వదులుగా ఉన్నదైతే మరీ దండగ. కదిలినప్పుడల్లా వెచ్చబడిన నీళ్ళు బయటికీ చల్లనీళ్ళు లోపలికీ పోతుంటాయి.

అయితే మందం పెంచితే సరిపోతుందనుకోకూడదు. సెకండ్‌హ్యాండులో దొరికిన 7 మిల్లీమీటర్ల సూటు తొడుక్కుని, నీళ్ళలోకి దిగకముందే డెక్కు మీద కళ్ళు తిరిగి పడిన మనిషిని నాకు చూపించారు. గుండె జబ్బేమోనని భయపడి తెచ్చారు. ఇ.సి.జి. బాగుంది. మెడ మీద ఎర్రటి చార కనిపించింది. సూటు కాలరు అక్కడ నొక్కింది. మెడలో రక్తపు ఒత్తిడిని కనిపెట్టే నరాల కూడలి ఉంటుంది, దాన్ని నొక్కితే గుండె వేగం తగ్గి మనిషి సొమ్మసిల్లుతాడు. దానికి ఎండ, చెమట తోడయ్యాయి. పైగా సూటు మందమయ్యేకొద్దీ మునగడానికి నడుముకు సీసం ఎక్కువ కట్టుకోవాలి, లోతున బుడగలు నలిగాక ఆ బరువే కిందికి లాగుతుంది.

జనవరిలో పుదుచ్చేరికో అండమాన్‌కో డైవింగ్ నేర్చుకోవడానికి పోయే మన పిల్లలు అడిగితే, ముందు వాళ్ళ ఒళ్ళు చూస్తాను, తర్వాతే నీళ్ళ డిగ్రీలు. 28 డిగ్రీల నీళ్ళలో అరగంట ఉండి వచ్చే పుష్టిగల మనిషికి పొట్టి చేతుల పల్చటి సూటు చాలు. 26, 27 అయితే నిండుగా ఒంటికి అతికే 3 మిల్లీమీటర్లది. బక్కపల్చటివాళ్ళు, రోజుకు రెండుమూడుసార్లు వరసగా దిగేవాళ్ళు, 25కు తగ్గిన నీళ్ళు, ఇందులో ఏదున్నా 5 మిల్లీమీటర్లది. తలకు హుడ్ మీద అశ్రద్ధ వద్దు, చలికి చేతుల కాళ్ళ రక్తనాళాలు ముడుచుకున్నట్టు తల చర్మంలోవి ముడుచుకోవు. నీళ్ళలో ఉంటే మూత్రం ఎక్కువవుతుంది, చలి తోడైతే మరీను. సూటు తడుపుకోవడానికి మొహమాటపడి నీళ్ళు తాగడం మానేస్తే ఒళ్ళు ఎండిపోతుంది. డైవింగ్‌లో అది మంచిది కాదు.

"అలవాటైపోద్ది సార్" అనేవాళ్ళకు దక్షిణ కొరియా జెజు ద్వీపపు హేన్యోల గురించి చెబుతాను. ఊపిరి బిగబట్టి సముద్రపు అడుగున గుల్లలు ఏరే ఆడవాళ్ళు వాళ్ళు. 1970ల దాకా నూలుబట్టలతోనే చలికాలమూ దిగేవాళ్ళు. సుక్ కి హాంగ్, హెర్మన్ రాన్ అనే శాస్త్రజ్ఞులు వాళ్ళను పరీక్షిస్తే, చలికాలంలో వాళ్ళ ఒళ్ళు విశ్రాంతిలో కూడా ఎక్కువ ఇంధనం మండిస్తోందని తేలింది. ఇతరులు వణికే నీళ్ళలో వాళ్ళకు వణుకు రాలేదు. అలవాటు నిజమే. కానీ అంత అలవాటున్నవాళ్ళు కూడా లోపలి వేడి 35కు దిగగానే ఒడ్డుకొచ్చి మంట కాగేవాళ్ళు. వెట్‌సూట్లు వచ్చాక కొన్నేళ్ళకే ఆ అలవాటు పోయింది, నీళ్ళలో పనిచేసే సమయం మాత్రం గంటల్లోకి పెరిగింది. మన కుర్రవాళ్ళు గొప్పగా చెప్పుకునే అలవాటు వణుకును ఆలస్యం చేస్తే చెయ్యొచ్చు. వణుకు లేదని ఇంకో బోటు కిందికి దిగడమే నన్ను భయపెడుతుంది.

సిలిండరుతో లోతుకు దిగేవాళ్ళకు ఇంకో ప్రమాదముంది. అడుగున ఒంట్లోకి చేరిన నైట్రోజన్ పైకొచ్చేటప్పుడు మెల్లగా బయటికి పోవాలి. అప్పుడు ఒళ్ళు చల్లబడి రక్తనాళాలు ముడుచుకుంటే అది లోపలే చిక్కుకుని బుడగలవుతుంది. అడుగున వెచ్చగా ఉండి, పైకొచ్చేటప్పుడు చల్లబడటమే అన్నిటికంటే చెడ్డదని అమెరికా నౌకాదళపు డైవింగ్ పరిశోధన విభాగం 2007లో తేల్చింది. ఇలాంటి బుడగల వల్ల వచ్చిన మోచేతి నొప్పితో ఒకతను వస్తే ఆక్సిజన్ పెట్టి, ప్రెషర్ చాంబరు కోసం చెన్నై పంపాను. వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ అతను అప్పటికే ఒక రోజంతా ఇంట్లోనే గడిపాడు. ఆ ఒక్కరోజు ఆలస్యం నాకిప్పటికీ బాధే.

జువ్వలదిన్నెలో ఇప్పుడు పెద్ద హార్బరు ఉంది. బోట్లు పెరిగేకొద్దీ ఫ్యాన్లకు వలలు చుట్టుకోవడమూ, కత్తితో కిందికి దిగే కుర్రవాళ్ళూ పెరుగుతారు. వాళ్ళలో ఎవడూ సూటు కొనలేడు, కొనమని చీటీ మీద రాస్తే నవ్వుతాడు. బోటు యజమానులు కలిసి రెండుమూడు సైజుల్లో 3 మిల్లీమీటర్ల సూట్లు, నాలుగు పొడి దుప్పట్లు, ఒక ఫ్లాస్కు హార్బరులో ఉంచితే చాలు. డీజిలు ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు. నేను అడిగిన పెద్దమనిషి ఒకాయన, దిగేవాళ్ళ కొలతలు తీసుకుని రమ్మని తన కొడుకును పంపాడు.