భూమి పండగ వేటకి నా కొత్త సామాను

కొంచెం పొడుగు పోస్టు. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు బూట్ల గురించి రాసిన దాకా అయినా చదవండి, డబ్బులు మిగులుతాయి.

ఈ మధ్య ఇంటర్ తమ్ముళ్ళు ఇద్దరు నన్నడిగారు. "అన్నా, అడివికెళ్ళడానికి ఏ బూట్లు కొనాలి? తలకి కట్టుకునే లైటు నిజంగా పనిచేస్తుందా?" అని. వాళ్ళు చూసే వీడియోలే నేనూ చూశాను. ఎక్కడో అమెరికా కొండల్లో ఒకాయన కొత్త బూట్లు, కొత్త బ్యాగు, కొత్త లైటు వేసుకుని వారం రోజులు తిరిగి, ఏది నిలబడింది, ఏది పాడైపోయింది అని తీరిగ్గా చెప్తుంటాడు. వేట సీజన్ మొదలయ్యేలోపు సామాను పరీక్ష చేసుకోవాలంట. హాస్టల్లో రాత్రిపూట అవి చూస్తూ నాకనిపించింది, అడివి మనది, నడక మనది, మనమెందుకు చెయ్యకూడదు అని.

డబ్బు సంగతి కూడా చెప్తాను, దాచేదేముంది. రాజమండ్రిలో పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్ వడ్డనకి వెళ్ళాను. రాత్రికి 500. తొమ్మిది రాత్రులు. ఆ డబ్బుతో బూట్లు 1,800, నడుముకి కూడా బెల్టు ఉండే బ్యాగు 1,400, తల లైటు 650, ఆకుల బొమ్మలున్న వానకోటు 300. మొత్తం 4,150. మిగిలింది బస్సు చార్జీకి. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనొక్కణ్ణే. అంత డబ్బు నా కోసం నేను ఖర్చుపెట్టుకోవడం అదే మొదటిసారి. మా అమ్మకి మాత్రం అన్నీ కలిపి వెయ్యి రూపాయలని చెప్పాను.

మే నెలలో గోకవరం బస్టాండ్‌లో బస్సెక్కి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లిలో దిగి, అక్కడి నుంచి ఆటో, ఆ తర్వాత నడక. ఆ నడకలోనే బూట్లు మడమ దగ్గర కరిచాయి. సరేలే, కొత్తవి కదా అనుకున్నాను.

మేం కొండరెడ్లం. మా దగ్గర భూమి పండగ, చింతూరు వైపు కోయవాళ్ళకి విజ్జ పండుం. విత్తనం నేలలో పెట్టే ముందు చేసుకునే పండగ. మగవాళ్ళు విల్లు పట్టుకుని అడివికెళ్తారు. ఆడవాళ్ళు ఊళ్ళో ఉండి పాటలు పాడతారు, రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ డబ్బులు అడుగుతారు. వేటకెళ్ళిన మగవాడు ఉత్తచేతుల్తో వస్తే పేడనీళ్ళు పోస్తారు. ఇది మీ అందరికీ తెలిసిందే, పట్నంలో పుట్టి పెరిగిన మనవాళ్ళు కూడా గ్రూపులో ఉన్నారని రాస్తున్నాను.

నేనెళ్ళేసరికి తాత పెరట్లో అరటిబోదె ఒకటి నిలబెట్టి అంబులు వేస్తున్నాడు. ఒక్కో అంబు వేసి, అది దిగిన చోటుకెళ్ళి, ఎటు ఒరిగిందో చూసి, వంకర ఉంటే నిప్పుల మీద వెచ్చచేసి చేత్తో సరిచేస్తాడు. మళ్ళీ వేస్తాడు. పన్నెండింట్లో నాలుగు పక్కన పడేశాడు. నారికి వెదురు బద్ద కొత్తది చెక్కాడు, పాతది బాగానే ఉంది కదా అంటే, "ఎండకి పగిలుంటాది, అడివిలో తెగితే నీ కాలేజీలో దొరుకుద్దా?" అన్నాడు. ఇంటర్నెట్లో చూసి నేనేదో కొత్త విషయం కనిపెట్టాననుకున్నాను. తాత ప్రతి ఏడూ చేసేదీ అదే.

అయితే నేను ఊరికి మోసుకెళ్ళినవాటిలో సామాను కాక ఇంకో మాట కూడా ఉంది. అది చెప్పడానికి రెండు రోజులు పట్టింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, మన భూమికి, అడ్డాకులకి, తేనెకి, వెదురుకి అన్నిటికీ హక్కులు రాశారు. అదే మూడో సెక్షన్‌లో వేటాడ్డం, ఉచ్చులు పెట్టి పట్టడం మాత్రం ఆ హక్కుల్లోకి రావని కూడా రాశారు. మనవాళ్ళు చాలామంది మొదటి సగమే చదివి, పట్టా ఉంది కాబట్టి వేట కూడా మన హక్కే అనుకుంటున్నారు. కాదు. 2022 సవరణ తర్వాత మామూలు నేరానికే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పైగా పాపికొండలు 2008 నుంచి నేషనల్ పార్కు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాట, మా వెనక కొండలు దాటితే దాని హద్దు. ఒక్క కేసు పడిందంటే రేపు ఏ ఉద్యోగానికైనా పోలీసు వెరిఫికేషన్‌లో అది లేచి కూర్చుంటుంది. నేను భయపడింది దానికే, జంతువుల మీద జాలితో చెప్పానని గొప్పలు పోను.

పెద్దల ముందు ఇదంతా చెప్పాను. మా మావ ఒకాయన "చదువుకున్నాక అడివి పరాయిదైపోయిందిరా నీకు" అన్నాడు. తాత ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రీ, మర్నాడూ నాతో మాట్లాడలేదు. అంబులు సరిచేసిన చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది చూసి, ఎందుకు చెప్పానురా అనిపించింది. లైబ్రరీలో హైమెన్‌డార్ఫ్ రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ పుస్తకం ఉంది, 1945లో వచ్చింది, మన కొండరెడ్ల గురించే. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు మా తాత తాతలు ఇందులో ఉన్నారని గర్వపడ్డాను. ఆ పుస్తకం చూసి గర్వపడ్డవాణ్ణే పెరట్లో ఉన్న విల్లుని దించమంటున్నాను.

చివరికి మూడో రోజు పొద్దున్న తాతే తేల్చాడు. విల్లు లేకుండా పండగ లేదు, విల్లు వస్తుంది. ములుకులు విప్పేసి కొనకి గుడ్డ చుడతాం. పార్కు హద్దు దాటం. పాత దారినే రెండు రాత్రులు తిరిగి, దుంపలూ తేనే ఏది దొరికితే అది తెచ్చి, ఎండిన మొద్దు మీద అంబు వేసి వచ్చేస్తాం. మావ గొణిగాడు గానీ వచ్చాడు. మొత్తం తొమ్మిది మందిమి. మా పిన్ని కొడుకు, పదహారేళ్ళవాడు, వాడూ వస్తానని ఏడ్చి వచ్చాడు.

ఇప్పుడు సామాను సంగతి.

బూట్లు. కొనకండి. కనీసం ఆ ధరలోవి కొనకండి. మే నెలలో మన అడివంతా ఎండాకు. బూటు పడిన చోటల్లా అప్పడాలు నలిగినట్టు చప్పుడు. నా ముందు తాత టైరు చెప్పుల్తో నడుస్తుంటే చప్పుడు లేదు, వెనక తమ్ముడు ఉత్తకాళ్ళతో నడుస్తుంటే చప్పుడు లేదు, మధ్యలో నేను ట్రాక్టర్‌లాగ. వాగు దగ్గర పాకురు రాయి మీద జారి నడుం దాకా మునిగాను. తడిసిన బూటు ఒక్కోటి కేజీ అయింది, సాయంత్రం దాకా ఆరలేదు. రెండో రోజు మధ్యాన్నానికి ఎడమ బూటు అడుగు నోరు తెరిచింది. తాత ఒక్కమాట కూడా అనకుండా అడ్డ నార చీల్చి, బూటు చుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. ఆ నార ఇప్పటికీ ఊడలేదు.

వానకోటు గురించి ఎక్కువ రాయను. పరికి కంప తగిలి మొదటి గంటలోనే భుజం నుంచి మోచేతి దాకా చిరిగింది. ఆ సాయంత్రం ఈదురుగాలీ వానా వచ్చినప్పుడు అందరం రాతి చరియ కిందకి దూరాం. ఆ చరియకో పేరుంది, దాని పక్క వంపుకో పేరుంది. నా ఫోన్లో దింపుకున్న మ్యాపులో ఆ చోటంతా ఉత్త ఆకుపచ్చే. చిరిగిన కోటు మాత్రం విల్లు నారి తడవకుండా కప్పడానికి పనికొచ్చింది.

బ్యాగు బాగుంది. నిజంగా బాగుంది. నడుం బెల్టు బిగిస్తే బరువు భుజాల మీద నుంచి తుంటి మీదకి దిగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. తాత కూడా ఒకసారి వేసుకుని చూసి, దుంపలన్నీ దాంట్లోకే వేశాడు. ఒక్క లోపం, జిప్పు తీస్తే కీచుమంటుంది. నీళ్ళకి మాత్రం నా స్టీలు సీసా కంటే తాత సొరబుర్రే మేలు. రాయికి తగిలితే మోగదు, అందులో పోసిన చోడి అంబలి మధ్యాన్నానికి కూడా చల్లగానే ఉంది.

తల లైటుకి తెల్ల వెలుగు ఒకటి, ఎర్ర వెలుగు ఒకటి ఉన్నాయి. తెల్లది వేస్తే పురుగులన్నీ మొహం మీదే. మొదటి రాత్రి తాత తిట్టాడు. "దాన్ని ఆపరా, అది ఏసినంత మేరే కనబడతాది, దాని అవతలంతా గుడ్డే" అన్నాడు. నిజమే, లైటు ఆపాక ఓ పది నిమిషాలకి చెట్లూ, దారీ మెల్లగా తేలాయి. ఎర్ర వెలుగు నయం, పురుగులు తక్కువ, కళ్ళు చెదరవు. లైటు ఓడిపోయిందనుకుని బ్యాగులో పడేశాను.

మూడో రోజు ఊరికి తిరిగొస్తూ ఆలస్యమైంది. మొద్దు మీద అంబు వేసే దగ్గర ప్రతివాడూ ఇంకోసారి ఇంకోసారి అని పొద్దు గూకించాడు, మావతో సహా. జీడిమామిడి తోట అంచుకొచ్చేసరికి బాగా చీకటి. తమ్ముడు అందరికంటే ముందు, ఉత్తకాళ్ళతో, ఊరు దగ్గరపడిందని పాట పాడుతూ వెళ్తున్నాడు. ముందురోజు వానకి నేలంతా తడి.

తాత "ఆగు" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు, కానీ తొమ్మిది మందిమీ ఆగిపోయాం. గాలి పీల్చి, "పచ్చి వెదురు కోసిన వాసన" అన్నాడు. అక్కడ వెదురు లేదు. తర్వాత నా వైపు తిరిగి, "నీ లైటు తియ్యి. కింద పట్టు. నేల మీద" అన్నాడు.

తెల్ల వెలుగు వేసి, వంగి, నేలకి జానెడు ఎత్తులో పట్టాను. తమ్ముడి కాలికి మూడడుగుల ముందు, మోకాలికి కొంచెం కింద, దారికి అడ్డంగా ఒక తీగ మెరిసింది. సన్నటి జీఐ తీగ. చిన్న చిన్న వెదురు గూటాల మీద తోట అంచంతా లాగి ఉంది. గూటాలు ఆ రోజు కోసినవే. వెలుగు పక్కకి తిప్పితే తీగ కింద ఒక ముంగిస చచ్చి పడుంది. ఇంకా పక్కకి తిప్పితే తీగ కరెంటు స్తంభం దాకా వెళ్ళి పైకెక్కింది. అడివిపందుల కోసం కొక్కెం వేశారు.

నాకు చేతులు వణికి వెలుగు అటూ ఇటూ ఊగింది. తమ్ముడు ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాడు. మావ వెళ్ళి వాణ్ణి నడుం పట్టుకుని వెనక్కి ఎత్తుకొచ్చాడు. వాడు బూట్లు వేసుకుని ఉంటే ఏమయ్యేది కాదు కదా అని తర్వాత ఎవరో అన్నారు. కాదండి, దయచేసి అలా అనుకోకండి. నేలా తడే, బూటూ తడే, తీగ తగిలేది బూటుకి కాదు, మోకాలికి.

వెనక్కి తిరిగి చుట్టుదారిన, లైటు నేల మీద వేసుకుంటూ, ఒకరి వెనక ఒకరం గంటసేపు నడిచాం. సిగ్నల్ తగిలిన చోట లైన్‌మేన్‌కి ఫోన్ చేశాను. కరెంటు తీయించి, పొద్దున్న వచ్చి కొక్కెం దింపారు.

తీగ ఎవరు వేశారో ఊళ్ళో అందరికీ తెలుసు. ఇక్కడ రాయను. ఆయన పిల్లలిద్దరూ ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నారు. పోయినేడు ఆయన జొన్నచేను ఒక్క రాత్రిలో పందులు దున్నేశాయి. కడుపు కాలి వేశాడు. నష్టపరిహారానికి పెట్టుకోమని రాసిచ్చే మనిషి ఊళ్ళో లేడు, నేను రాజమండ్రిలో వీడియోలు చూస్తున్నాను. ఇప్పుడు ఆ అర్జీ నేనే రాస్తున్నాను. మీ ఊళ్ళలో ఎవరైనా ఇలాంటి అర్జీ పెట్టి డబ్బు తెచ్చుకుని ఉంటే ఏ కాగితాలు జతచేశారో నాకు చెప్పండి.

తాత ఆ పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. గొడవ పడతాడనుకున్నాను. తాత గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగించుకుని, "విల్లు పట్టినోడు ఎవుణ్ణి కొడతన్నాడో చూసి కొడతాడు. నీ తీగకి కళ్ళున్నాయా?" అని మాత్రం అడిగాడు. ఆయన తలొంచుకుని, ఇంట్లోకెళ్ళి మిగిలిన తీగచుట్ట తెచ్చి తాత కాళ్ళ దగ్గర పెట్టాడు. అది ఇప్పుడు మా పెరట్లో బట్టలారేసుకునే దండెం.

పేడనీళ్ళు తప్పలేదు. దుంపలు తెచ్చాం, తేనె తెచ్చాం అని ఎంత చెప్పినా మా అత్తలు వినలేదు. ముందు మావకి, తర్వాత నాకు. అడ్డ నార కట్టిన 1,800 రూపాయల బూట్ల నిండా పేడ. రెండు రోజులు ఉతికినా వాసన పోలేదు, హాస్టల్లో నా గది వాళ్ళు వాటిని వరండాలోనే పెట్టమన్నారు, అక్కడే ఉన్నాయి.

లైటు మాత్రం నా దగ్గర లేదు. బయల్దేరే రోజు బ్యాగులో వెతికితే కనపడలేదు, చూస్తే గోడ మీద విల్లు పక్కన మేకుకి వేలాడుతోంది. అడగలేదు. పోయిన ఆదివారం తాత పిన్ని ఫోన్లోంచి మాట్లాడాడు. చదువు గురించి అడుగుతాడనుకున్నాను.

"ఒరే, ఆ ఎర్రది ఎయ్యడానికి ఎన్నిసార్లు నొక్కాలి?"