కాయ లెక్క, గాలి లెక్క

మా నాన్నకి ఒక విద్య వచ్చు. మామిడి చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి, తల పైకెత్తి చూసి, ఎన్ని కాయలుంటాయో చెప్పేస్తాడు. నూజివీడు చుట్టుపక్కల తోటల కాపు కొనేవాళ్లకి ఈ విద్య లేకపోతే కుదరదు. ఎక్కువ అంచనా వేస్తే చేతి డబ్బులు పోతాయి, తక్కువ వేస్తే తోట ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. కోసి లెక్కపెట్టే వీలు లేని దాన్ని కోయకముందే లెక్క చెప్పాలి.

నాకు ఆ విద్య అబ్బలేదు. కానీ ఇంజనీరింగ్‌లో చేరాక ఇంచుమించు అదే పని నా నెత్తిన పడింది. కాకపోతే నేను లెక్కపెట్టాల్సింది కాయల్ని కాదు, గాలిని.

మా ఇంట్లో ఒక పాత మారుతి 800 ఉంది. ఎంపీఎఫ్ఐ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. దాని ఈసీయూ కాలిపోయాక షెడ్డులో పడేస్తే, మామిడికాయల క్రేట్లు పేర్చుకునే అరుగులా తయారైంది. మూడో ఏడాది సంక్రాంతి సెలవుల్లో నేనూ మా రూమ్మేటూ కలిసి దానికి స్పీడుయినో బిగించాం. ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ అది. నాన్న ఒకటే షరతు పెట్టాడు. "తోట బాటల్లో ఎంతైనా తిప్పుకోండి. తారు రోడ్డెక్కితే మాత్రం తాళం నా దగ్గరుంటది."

ఇంజన్ అంటే ముందు గాలి పీల్చే పంపు. మా 800లో ఒక్కో సిలిండర్ దాదాపు 265 సీసీ. 25 డిగ్రీల దగ్గర లీటరు గాలి బరువు సుమారు 1.18 గ్రాములు. అంటే సిలిండర్ నిండా పీలిస్తే 0.31 గ్రాముల గాలి. ఇథనాల్ కలవని పెట్రోల్ ఒక గ్రాము పూర్తిగా మండటానికి 14.7 గ్రాముల గాలి కావాలి కాబట్టి, ఒక్కో పీల్పుకి సుమారు 21 మిల్లీగ్రాముల పెట్రోల్ చాలు.

చిక్కేమిటంటే సిలిండర్ ఎప్పుడూ నిండా పీల్చదు. థ్రాటిల్ ఎంత తెరిచాం, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది అన్నదాన్ని బట్టి పీల్పు మారుతుంది. ఈ గాలిని కనుక్కోవడానికి రెండు దారులున్నాయి. లోపలికి వెళ్లే గాలిని సెన్సర్‌తో నేరుగా కొలవడం ఒకటి. మానిఫోల్డ్‌లో ఒత్తిడి, గాలి వేడి తెలుసుకుని మిగతాది లెక్కగట్టడం రెండోది. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లకి బాష్ కంపెనీ ఇచ్చిన డి-జెట్రానిక్ ఈ రెండో పద్ధతిదే. అందులో 'డి' అంటే జర్మన్‌లో ఒత్తిడి. మా 800 కూడా ఆ వంశమే.

ఈ లెక్కలో ముగ్గురు సాక్షులుంటారు. ఒత్తిడి సెన్సర్, ఉష్ణోగ్రత సెన్సర్, ఇక మూడోది వీఈ టేబుల్. వీఈ అంటే వాల్యుమెట్రిక్ ఎఫిషియెన్సీ, అంటే ఆ ఒత్తిడిలో, ఆ వేగంలో సిలిండర్ ఎంత శాతం నిండుతుంది అన్నది. స్పీడుయినోలో ఇది 16 వరసలు, 16 నిలువులు, మొత్తం 256 గళ్లు. టేబుల్ చెప్పాల్సింది ఇంజన్ సంగతి ఒక్కటే. ఎండ సంగతి చెప్పాల్సింది ఉష్ణోగ్రత సెన్సర్. ఈ ముక్క నేను యూనిట్ టెస్టులో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం చాలా ఆలస్యంగా.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి ఆదివారం తెల్లారి ఆరింటికల్లా తోటలో ఉండేవాళ్లం. వాడు స్టీరింగ్, నేను పక్కన ల్యాప్‌టాప్. సైలెన్సర్ గొట్టంలో వైడ్‌బ్యాండ్ లాంబ్డా సెన్సర్. అది 1 చూపిస్తే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు, పైన చూపిస్తే పెట్రోల్ తక్కువైనట్టు, కింద చూపిస్తే ఎక్కువైనట్టు. ఒక గడిలో 1.05 వస్తే అక్కడి అంకెని 5 శాతం పెంచాలి. అలా గడి గడికీ. ఉగాది నాటికి టేబుల్ త్రీడీలో నున్నటి కొండవాలులా వచ్చింది. పిందెలు గోలీకాయలంత అయ్యాయి. నాన్న ఆ కారులోనే తోటలు చుట్టి రావడం మొదలెట్టాడు. నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

ఏప్రిల్ వచ్చింది, ఎండ 40 దాటింది. ఒక మధ్యాహ్నం భోజనం చేసొచ్చి కారు తీస్తే కుదుపులు. లాంబ్డా 1.08. పెట్రోల్ తక్కువైంది. నేను చేసిన పని మీరు ఊహించగలరు. ఐడిల్ చుట్టుపక్కల గళ్లు 8 శాతం పెంచాను. వెంటనే మెత్తగా నడిచింది. తర్వాతి రెండు మధ్యాహ్నాలు పక్క గళ్లకీ అదే వైద్యం. మా రూమ్మేట్ ఫోన్‌లో "లాగ్ పంపు మావా, ఒకసారి చూద్దాం" అంటే "లాగ్ ఎందుకురా, బండి బాగుందిగా" అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి కోతకి మనుషులొస్తున్నారని నాన్న కారు తీసుకెళ్లాడు. సగం దారిలో నల్లపొగ కక్కి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ కాలేదు. చీకట్లో నడుచుకుంటూ పోయాడు. కోత ఆలస్యమైంది, నున్న మార్కెట్‌కి వెళ్లాల్సిన కాయ ఎండెక్కాక చేరింది. ధర ఎంత తగ్గిందో నాన్న చెప్పలేదు. నేనూ అడగలేదు.

"ఏమన్నా మార్చావంట్రా?" అన్నాడు.

"లేదు నాన్నా. పెట్రోల్ బాలేదేమో. ఈమధ్య ఇథనాల్ కలుపుతున్నారుగా."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం! ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే మామూలు పెట్రోల్ లెక్కలో ఉన్న ఇంజన్‌కి మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గులు మసిబారి తడిసిపోవడానికి అది కారణం కాదు. ఆ సంగతి నాన్నకి తెలీదు. నాకు తెలుసు.

రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి లాగ్‌లు చూశాను. మధ్యాహ్నం లాగ్‌లో గాలి వేడి 65 డిగ్రీలని ఉంది. బయట 40. ఆగి ఉన్న కారులో ఇంజన్ సెగకి గొట్టంలోని సెన్సర్ కాలిపోతూ, గాలే అంత వేడిగా ఉందని ఈసీయూకి చెప్పింది. వేడి గాలి పలచన కాబట్టి ఈసీయూ పెట్రోల్ తగ్గించింది. కెల్విన్‌లో చూస్తే 313ని 338తో భాగించాలి, 0.926. పెట్రోల్ ఏడు శాతం పైన తక్కువ. లాంబ్డా సరిగ్గా 1.08. అయిదు నిమిషాలు తిరిగి సెన్సర్‌కి గాలి తగిలుంటే దానంతట అదే సర్దుకునేది. తెల్లవారుజామున సెన్సర్ నిజమే చెప్పింది. కానీ టేబుల్‌లో నేను పోసిన 8 శాతం అలాగే ఉంది, దానిమీద చల్లటి ఇంజన్‌కి ఈసీయూ ఇచ్చే అదనపు పెట్రోల్. తప్పు చెప్పింది థర్మామీటర్. నేను దిద్దింది టేబుల్‌ని.

ఫైల్ మూసేసి వసారాలోకి వెళ్తే నాన్న తోటల నోట్‌బుక్ రాసుకుంటున్నాడు. తోటకో పేజీ. ఒక నిలువులో తన అంచనా, రెండో దాంట్లో వచ్చిన కాయ, మూడో దాంట్లో 'ఎందుకు' అని. ఒక ఏడాది అంచనాలో సగమే వచ్చింది. పక్కన 'గాలివాన' అని రాసుంది. తర్వాతి ఏడు మాత్రం అంచనా తగ్గలేదు.

"సగం పోయింది కదా, తర్వాతి ఏడు తగ్గించి వెయ్యలేదే?"

"గాలి చేసిన నష్టానికి చెట్టుని తక్కువ చేస్తే ఎట్లారా? చెట్టు బాగానే కాసింది."

ఇక దాచలేకపోయాను. టేబుల్ సంగతి, సెన్సర్ సంగతి, పొద్దున చెప్పిన అబద్ధం సంగతి మొత్తం చెప్పేశాను. నాన్న తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పెన్ను మూత పెట్టి, "పొద్దున బంకులో ఆ కుర్రాడి మీద గట్టిగా అరిచానురా. కల్తీ పోశావని," అన్నాడు. కాసేపాగి, "రేపు నువ్వెళ్లి చెప్పు" అన్నాడు.

వెళ్లాను. నా వయసువాడే. "పర్లేదులే అన్నా, రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు," అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఇంకా సిగ్గేసింది.

ఆ వారమే ఉగాది నాటి ఫైల్ మళ్లీ ఎక్కించాం. సెన్సర్‌ని ఇంజన్ సెగకి దూరంగా, ఎయిర్ ఫిల్టర్‌కి చల్లగాలి వచ్చే గొట్టంలో పెట్టాం. ఇప్పటి పెట్రోల్‌కి సరిపోయేలా ఇంధన నిష్పత్తిని 14.7 నుంచి సుమారు 13.5కి మార్చి, ఆ లెక్కకి టేబుల్‌ని ఉదయం పూట ఇంకోసారి సరిచూసుకున్నాం. దేని తప్పు దానిలోనే దిద్దాం.

ఈ ఏడాది ప్రాజెక్టు జూనియర్లకి అప్పజెబుతున్నాం. ఫైల్‌తో పాటు ఒక స్ప్రెడ్‌షీట్ కూడా ఇస్తున్నాం. పాత అంకె, కొత్త అంకె, 'ఎందుకు'. మూడోది ఖాళీగా ఉంటే మొదటి రెండూ ముట్టుకోవద్దని చెప్పాం. ఏప్రిల్ మధ్యాహ్నం నేను చేసిన మార్పులు కూడా అందులోనే ఉన్నాయి, కారణంతో సహా.

నాన్న ఇప్పటికీ కారు తీసే ముందు అడుగుతాడు. "ఏమన్నా మార్చావంట్రా?"

మారిస్తే ఏం మార్చానో చెప్తాను. నిజంగా ఏమీ మార్చని రోజున "లేదు నాన్నా" అంటే, ఇంకేం అడక్కుండా తాళం తీసుకుని వెళ్లిపోతాడు.