దిండోరి ద్రాక్షకు రెండు కత్తిరింపులు

నాసిక్ నుంచి ఉత్తరంగా దిండోరి దారి పట్టగానే రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్షే. వాటిలో ఎక్కువ తోటలు హైదరాబాద్ శివార్లలో పెరిగినవాళ్లకు పరిచయమైనవే: పందిరి వేసి థాంప్సన్ సీడ్‌లెస్ లాంటి తినే రకాలు పెంచేవి. నేను వెళ్లిన తోటలో మాత్రం పందిరి లేదు. స్తంభాల మధ్య వైర్లు లాగి, మొక్కల్ని కంచె కట్టినట్టు నిలువుగా పాకించారు. షిరాజ్, షెనాన్ బ్లాంక్ రకాలు. పంటంతా ఒప్పందం మీద వైనరీకి పోతుంది. 2000లో సులా వైనరీ తొలి వైన్ బయటికి రావడం, 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ఈ పరిశ్రమకు ప్రత్యేక విధానం తేవడం జరిగాక ఈ ప్రాంతంలో ఇలాంటి తోటలు పెరుగుతూ వచ్చాయి.

అవి అక్టోబరు రోజులు. వానలు తగ్గి నేల ఆరుతోంది. తోటలో 'గోడీ ఛాటణీ' నడుస్తోంది, అంటే కాయ కోసం చేసే కత్తిరింపు. సుర్గాణా, పేఠ్ తాలూకాల ఆదివాసీ పల్లెల నుంచి కూలీలు జట్టుగా వచ్చారు. అందరూ 'మావశీ' అని పిలిచే పెద్దావిడ పక్కన నిలబడి చాలాసేపు చూశాను. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని, మొదలు నుంచి బొటనవేలితో కళ్లు, అంటే చిగురు పుట్టే మొగ్గలు, తడుముతూ పైకి వెళ్తుంది. ఉబ్బుగా, గట్టిగా ఉన్న కన్ను తగిలాక దానిపైన కాస్త చోటు వదిలి కత్తెర వేస్తుంది. సన్నకొమ్మకు తక్కువ కళ్లు, బలమైన కొమ్మకు ఎక్కువ. నన్నూ ఒక కొమ్మ పట్టుకోమంది. నా వేలికి అన్ని కళ్లూ ఒకేలా తగిలాయి.

"ఎలా తెలుస్తుంది మావశీ?" అని అడిగాను.

"లోపల గుత్తి ఉన్న కన్ను బరువుగా ఉంటుంది బాబూ" అంది, చేయి ఆపకుండానే.

ఆవిడ మాటలో శాస్త్రం ఉంది. గుత్తి తయారయ్యేది అక్టోబరులో కాదు, అంతకు ముందటి ఎండాకాలంలో. కోత ముగిశాక ఏప్రిల్‌లో 'ఖరడ్ ఛాటణీ' చేస్తారు. పాత కొమ్మల్ని ఒకటి రెండు కళ్లకు నరికేస్తారు. కొత్త చిగుళ్లు లేచాక, నెలన్నర రెండు నెలల్లో ఆ లేతకొమ్మల కళ్లలోపల వచ్చే పంట గుత్తులు కంటికి కనపడకుండా రూపు కడతాయి. అప్పుడు ఆకు గుబురై కళ్లకు ఎండ తగలకపోతే అక్టోబరులో ఎంత జాగ్రత్తగా కత్తిరించినా వచ్చేది నులితీగే. అందుకే మే నెల ఎండలో అదనపు చిగుళ్లు గిల్లేస్తారు.

ఫ్రాన్స్‌లోని బోర్డోలో ద్రాక్షకు చలికాలమే విశ్రాంతి. ఆకు రాల్చి నిద్రపోతుంది, అప్పుడే కత్తిరిస్తారు, సెప్టెంబరుకు కోత. మన దక్కన్ పీఠభూమిలో అంత చలి లేదు, తీగ తనంతట తాను నిద్రపోదు. దాని ఏడాదిని కత్తెరే విడదీయాలి. జూన్ నుంచి వానల్లో పండించబోతే డౌనీ మిల్డ్యూ తెగులు గుత్తిని మిగల్చదు. కాబట్టి వానాకాలమంతా మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టి ఆకును, కొమ్మను కాపాడుకుంటారు. కాయను చలికాలానికి జరుపుతారు.

కళ్లన్నీ ఒక్కసారిగా పగలాలంటే చలి చేయాల్సిన పని మందుతో చేయించాలి. కత్తిరించిన కొమ్మలకు హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. చర్మాన్ని కాల్చే మందు అది. పూసినవాళ్లు ఆ రోజుల్లో మద్యం ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పూస్తున్న కుర్రాళ్లకు గ్లవుజులు ఉన్నాయి గానీ ముఖానికి తువ్వాలే. ఈ ఒక్క విషయంలో ఖర్చు చూసుకోవడం తప్పని రైతుకు అక్కడే చెప్పాను. ఆయన కాదనలేదు.

నవంబరులో పూత. ఆ రోజుల్లో అకాల వర్షం పడితే పూత రాలుతుంది, తెగులు పాకుతుంది. 2023 నవంబరు చివర్లో నాసిక్ జిల్లాలో కురిసిన వడగళ్ల గురించి ఇప్పటికీ ఎవరిని కదిపినా చెబుతారు.

మళ్లీ ఫిబ్రవరిలో వెళ్లేసరికి షిరాజ్ గుత్తులు నల్లగా నిండి ఉన్నాయి. తినే ద్రాక్షలా కాయ సాగడానికి జిబ్బరెల్లిక్ యాసిడ్ వాడరు. వైన్‌కు చిన్న కాయ, మందపు తోలు కావాలి, రంగూ వగరూ తోలులోనే ఉంటాయి. దిగుబడినీ అదుపులో పెట్టి, ఎకరాకు నాలుగైదు టన్నులు దాటకుండా గుత్తులు తీసేస్తారు. రైతు ఒక కాయ చిదిమి తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద చుక్క వేసి నా చేతికిచ్చాడు. వెలుగుకు ఎత్తి చూస్తే నీలం గీత 23 దగ్గర ఆగింది. ఆ తీపి వైన్‌గా మారితే ఆల్కహాలు దాదాపు 13 శాతం. తర్వాత గింజ కొరకమన్నాడు. గోధుమరంగుకు తిరిగి కటుక్కుమంది. పచ్చివాసన పోయింది. చలి రాత్రులు పులుపును నిలబెట్టబట్టే తీపికి తోడు ఆ రుచి దక్కింది.

కోత తెల్లవారకముందే మొదలైంది. ఎండెక్కితే కాయ వేడెక్కి పెట్టెల్లోనే చెడుతుంది కాబట్టి తొమ్మిదింటికల్లా లారీ కదలాలి. కోత రోజు నిర్ణయించేది వైనరీ. తీపి ఇంకో పాయింటు పెరగాలని వారం ఆపితే కాయ వడలి తూకం తగ్గుతుంది. డబ్బు మాత్రం కిలోలకే. ఆగమన్నవాళ్లే ఆ తరుగు భరించాలని ఒప్పందంలో రాయాలి, అది న్యాయం.

ఈ తోట నీళ్లు కడవా నదివి. కడవా గోదావరిలో కలుస్తుంది, ఆ గోదావరే కందకుర్తి దగ్గర మనవైపు వస్తుంది. నాసిక్ వెళ్లే తెలుగువాళ్లు ఎక్కువమంది త్ర్యంబకేశ్వరం చూసుకుని, వీలుంటే ఏదో ఒక వైనరీలో రుచి చూసి వచ్చేస్తారు. వీలైతే ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో వెళ్లండి. అప్పుడు గుత్తులు కనపడవు గానీ పంటను నిర్ణయించే చేతులు కనపడతాయి. అడిగితే రైతులు తోటలోకి రానిస్తారు. మావశీలాంటి వాళ్లకు రోజుకూలి ఎంతిస్తున్నారో కూడా అడిగి తెలుసుకోండి.