తెగిన పోగు

నాకు నలభయ్యో ఏడు దగ్గరపడుతోంది. లెక్క చూసుకుంటే, సంపాదించినదానికంటే మాటపట్టింపుతో పోగొట్టుకున్నదే ఎక్కువనిపించింది. ఇల్లు పంచుకున్ననాటినుంచి ఆరేళ్లుగా మా అన్నతో నాకు మాటల్లేవు. ఆయన ఉండేది సిరిసిల్లలో. చూసివద్దామనే బయలుదేరాను గాని, తిన్నగా పోయే ధైర్యం చాలక జగిత్యాల, కోరుట్ల చుట్టివెళ్లాను.

జగిత్యాల కోట 1747 నాటిది. ఫ్రెంచి ఇంజనీర్లు కట్టినదట; నక్షత్రాకారం, చుట్టూ కందకం. చూస్తే నవ్వు వచ్చింది. ఆరేళ్లుగా నేను తవ్వుకున్నదీ కందకమే గదా!

కోరుట్లలో ఒక అవ్వ అరుగుమీద బీడీలు చుడుతోంది. ఒళ్లో చేట, అందులో తునికాకు, తంబాకు, దారం. కొడుకు దుబాయి పోయి తొమ్మిదేండ్లయిందట.

"కోపమొస్తే ఫోన్ల కొట్లాడుత బిడ్డా, మాట మాత్రం బందువెట్ట" అంది.

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాను. 2017 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్రమంతటికీ బతుకమ్మ చీరలు నేసిపెట్టిన ఊరిది. వీధి మొదట్లోనే సాంచాల చప్పుడు వినవచ్చింది.

అన్న షెడ్డులో ఉన్నాడు. నన్ను చూశాడు, పలకలేదు. ఇంతలో పోగు తెగింది. సాంచ ఆపి, కొస వెదికి పట్టి, ముడివేసి మళ్లీ నడిపించాడు.

"తెగంగనే ఆపాలె. లేకుంటే గుడ్డంత ఖరాబైతది" అన్నాడు, నావైపు చూడకుండానే. కాసేపాగి, "తిన్నవారా?" అన్నాడు.

"లేదన్నా" అన్నాను. ఆరేళ్ల తర్వాత మొదటి మాట అదే.