వెనుక సీటులో కూర్చున్నవారు

మా తల్లిగారికి డెబ్బది యెనిమిదేండ్లు. ఒకమారు జారిపడినది మొదలు ఆమెను నడుమునొప్పి విడువలేదు. నెలకు రెండుసార్లు ఆమెను గుంటూరులో వైద్యునియొద్దకు నా చిన్న కారులో తీసికొని పోవుచుందును. ప్రతిదినము నేను బడికి పోయివచ్చునదియు ఆ కారులోనే.

కొంతకాలమునకు ఆ కారు ఒక గతుకు దాటిన తరువాతకూడ మూడు నాలుగు మారులు ఊగసాగెను. బ్రేకు వేయగా ముందుభాగము క్రిందికి వంగుచుండెను. చక్రము వెనుకకు తొంగిచూడగా షాక్ అబ్జార్బరుమీద నూనె కారి, దానికి దుమ్ము అంటియుండెను. టైర్లు అక్కడక్కడ గుంటలుగా అరిగియుండెను.

విడిభాగముల దుకాణమునకు పోతిని. "మన రోడ్లకు గట్టివి వేయించండి మాస్టారూ, రాయిలా నిలబడతాయి" అని అతడు చెప్పెను. గట్టిది మంచిదని మనమందరము అనుకొందుము గదా! నాలుగును మార్పించితిని. మలుపులలో కారు ఒరుగుట మానెను. నేను మిక్కిలి సంతోషించితిని.

ఆ వారమే అమ్మను తీసికొని బయలుదేరితిని. దారిలో అద్దములో చూడగా, ఆమె రెండు చేతులతో తలుపు పిడిని పట్టుకొని కన్నులు మూసికొనియుండెను. ఇంటికి చేరిన పిమ్మట, "ఈసారి బస్సులో వస్తాలే నాయనా, నీకు పెట్రోలు ఖర్చు ఎందుకు?" అనెను. నొప్పి మాట ఎత్తలేదు. తల్లులు అట్లే చెప్పుదురు.

మరునాడు మా ఊరి ముసలి మెకానిక్కునొద్దకు పోతిని. అతడు నా మాట విని, "ఈ కారులో ఎక్కువగా ఎవరు కూర్చుంటారండీ?" అని అడిగెను. ఆ ప్రశ్న దుకాణములో ఎవరును అడుగలేదు. నేనును అడుగుకొనలేదు.

"బరువు మోసేది స్ప్రింగు. ఇది ఆ స్ప్రింగు ఊగుడును ఆపుతుంది, అంతే" అని అతడు వివరించెను. గొట్టములోని నూనెలో సన్నని రంధ్రములుగల పిస్టను కదలును. నూనె ఆ రంధ్రములగుండా మెల్లగా దూరుటవలన ఊగుడు వేడిగా మారి అణగిపోవును. నూనె మరీ సులువుగా పారినయెడల కారు పడవవలె ఊగును. మరీ బిగువుగా పారినయెడల స్ప్రింగు లొంగుటకు వీలులేక ప్రతి రాయియు వెన్నెముకకు తెలియును.

కాబట్టి మొదట కారుతో వచ్చినవాటి కొలతకును మెత్తదనమునకును సరిపడు మామూలు జంటగొట్టపు రకమునే తీసికొంటిమి. అధిక పీడనముగల నైట్రోజను వాయువుతో ఒంటిగొట్టపు రకము ఒకటి కలదు. 1950లలో దె కార్బన్ అను ఫ్రెంచి ఇంజనీరు దానిని రూపొందించెను. చాలసేపు తీవ్రముగా నడిపినను దాని పట్టు సడలదు. అయితే మెల్లగా పోవు మా ప్రయాణమునకు దానితో పనిలేదు.

ముందు రెండును, వెనుక రెండును జతలుగానే మార్చవలెనని అతడు చెప్పెను. ఒకటి పాతది, ఒకటి క్రొత్తది యైనచో రెండు ప్రక్కల పట్టు సమముగా నుండదు. ముందువాటి పైభాగపు రబ్బరు దిమ్మలను, దుమ్ము తొడుగులనుకూడ క్రొత్తవి వేసెను. రబ్బరు బుష్షుల బోల్టులను కారు నేలమీద నిలిచిన తరువాతనే చివరిగా బిగించెను. లేనియెడల రబ్బరు మెలిపడి త్వరగా చినుగును. చక్రముల అలైన్‌మెంటు సరిచూపించి, టైర్లలో గాలి తలుపునొద్ద వ్రాసియున్న కొలతకు తగ్గించెను. మొదటివాటికి పెట్టిన డబ్బు పోయినది. అది నా గర్వమునకు చెల్లించిన మూల్యము.

తరువాతి ప్రయాణమునకు అమ్మను బ్రతిమాలి ఎక్కించితిని. సగము దారిలో అద్దము చూచితిని. ఆమె నిద్రించుచుండెను. చేయి పిడిని విడిచి ఒడిలో వ్రాలియుండెను.

చదువరీ, నీ బండికి ఏమి కొందునని దుకాణదారుని అడుగబోవుముందు, వెనుక సీటులో కూర్చుండువారిని ఒక్కమారు అడిగి చూడుము.