మా యింటి మంద్రతంత్రి

గడచిన మాఘమాసమున మా వంటింటి పొయ్యిమీద నొక విచిత్రమైన వంటకము నుడికినది. సోదరీమణులు నవ్వుదురు గాక! చారు కాచు గిన్నెలో నాలుగు లోహపు తీగలు చుట్టలు చుట్టుకొని పది నిమిషములు సలసల మరగినవి. వండినవాడు మా పెద్దకుమారుడు. ఇంటరు మొదటి సంవత్సరము చదువుచున్నాడు. ఆ తీగలు వాని బేసు గిటారువి. ఆ గిన్నెను మరల చారునకు వాడితిమా యని మాత్రము మమ్ముల నడుగవలదు.

మేము జిన్నారమునకు కాపురము వచ్చి పదునాలుగేండ్లయినది. మావారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. మేము బడిలో చదువుకొన్నది స్వల్పము. మా నాయనగారు ఇంటనే కూర్చుండబెట్టి భారత భాగవతములు చెప్పిరి, వీణయు నేర్పించిరి. అందువలన సంగీతమనగా నేమో, సాహిత్యమనగా నేమో మాకు తెలియునను నొక గర్వము మాలో నుండెడిది. ఆ గర్వమునకు పట్టిన గతియే యీ వ్యాసము.

గడ్డపోతారము కర్మాగారములలో నొకదాన పనిచేయుచు మా వీధిలో గది యద్దెకు తీసికొనియుండిన యువకుడొకడు స్వస్థలమునకు పోవుచు తన బేసు గిటారును మావానికి చవుకగా నిచ్చిపోయెను. సాధారణపు గిటారునకు తంత్రు లారు. దీనికి నాలుగే, కాని లావైనవి. పూర్వము పాశ్చాత్యులు ఈ మంద్రస్వరమునకు మనిషి యెత్తు వాద్యమును నిలువబెట్టి వాయించెడివారు. 1951లో అమెరికాలో లియో ఫెండరనునతడు దానిని మెడకు తగిలించుకొనునట్లు కుదించి, మెట్లు బిగించి, విద్యుత్తుతో పలికించెను. మన యిళయరాజాగారి పాటలలో గాయకుని వెనుక మరియొక పాట నడచుచున్నట్లు వినవచ్చు ఆ లోతైన నాదము దీనిదే. మొబైలు ఫోనులో విన్నవారికి అది చాలవరకు వినబడదు. అంత చిన్న స్పీకరు అంత మంద్రమును పలుకజాలదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని వినిననాడు మాకే ఆశ్చర్యము కలిగెను. ఇన్నేండ్లుగా సగము పాటయే వినుచుంటిమి.

గిటారు వచ్చినది కాని తంత్రులు నల్లబడి, త్రుప్పు పట్టి, మీటినచో తడిసిన గోనెసంచిని తట్టినట్లుండెను. ఉడికించిన తీగలు కొంత మెరుగుగ పలుకునని యెవరో చెప్పిరట. అది యబద్ధము కాదు. వ్రేళ్ళ చెమటయు మట్టియు తీగచుట్ల సందులలో నిరికి నాదమును మ్రింగివేయును; మరుగునీటిలో అవి కొంత వదలును. కాని ఆ మెరుగు వారము దినములు కూడ నిలువలేదు. ఇక క్రొత్తవి కొనక తప్పలేదు.

ఇక్కడ మా వీణాజ్ఞానము కొంత యక్కరకు వచ్చెను. వీణకు సారణి, పంచమములు సన్నని యుక్కు తీగలు. మంద్ర, అనుమంద్రములు ఇత్తడి, కంచు మొదలగు లోహములవి. కారణము సులభము. నిడివి మారకుండ స్వరము క్రిందికి దిగవలెనన్న తీగనైన సడలింపవలెను, బరువైన పెంచవలెను. సడలించిన తీగ పలుకదు, కొట్టుకొనును. కావున బరువు పెంచుటయే యుపాయము. బేసున అన్నిటికంటె లావైన తంత్రి సెకనుకు 41 మారులు మాత్రమే కంపించును. అంత లావున ఒంటి ఉక్కుతీగను పెట్టినచో అది కమ్మివలె బిరుసై సరిగా పలుకదు; కనుక సన్నని యుక్కు తీగపై మరియొక తీగను బిగువుగా చుట్టుదురు.

ఆ చుట్టినదెట్టిదను దానిమీదనే బేరమంతయు. గుండ్రని తీగ చుట్టినచో రౌండ్‌వౌండు. నాదము గలగలలాడును, కాని వ్రేలు జరిపినపుడు కీచుమనును, మెట్లను త్వరగా నరుగగొట్టును, చెమటను పట్టును. చదునైన పట్టీ చుట్టినచో ఫ్లాట్‌వౌండు. నునుపుగా, గుండ్రముగా పలుకును, ఏండ్లతరబడి నిలుచును, వెల మాత్రము హెచ్చు. 1960 తరువాతి సంవత్సరములలో డెట్రాయిట్ నగరమున మోటౌను వారి పాటలకు వాయించిన జేమ్సు జేమర్సన్ అనునాతడు చదును తంత్రులనే వాడెడివాడట. తెగిననే గాని మార్చెడివాడు కాడట. ఈ మాట వినిన వెంటనే మా యోటు చదును తంత్రులకే పడినది. ఏండ్లు మన్ను వస్తువనిన గృహిణికి వేరు సిఫారసు కావలెనా? మావాడు స్టెయిన్‌లెస్ స్టీలు గుండ్రని తంత్రులు కావలెననెను. ఎట్టకేలకు నికెలు పూసిన గుండ్రని తంత్రులతో సంధి కుదిరెను. అవి స్టీలంత కరకుగా నుండవు. చదునువే మేలని మాకిప్పటికిని నమ్మకము.

లావులనుగూర్చి యొక మాట. కట్టమీద 45, 65, 85, 105 అని యంకెలుండును. అవి అంగుళమున వేయవ వంతులు. నడితరగతి కొలత యిదియే. ముందున్నవానికంటె లావైనవి బిగించినచో బిగువు హెచ్చి గిటారు మెడ వంగును. అపుడు మెడలోపలి యుక్కు కడ్డీని తాళముతో కొంచెము కొంచెముగా త్రిప్పి సరిదిద్దవలెను. కనుక పాతవాని కొలతనే తెచ్చుట క్షేమము. తీగను బిరడాకు చుట్టునపుడు బిరడా దాటి బెత్తెడు పైచిలుకు విడిచి, ముందు మడిచి, పిదప కత్తిరింపవలెను. మడువక కత్తిరించినచో పైచుట్టు విడిపోవచ్చును. మావాడు తొందరపడి లావు తంత్రిని కురుచగా కత్తిరించెను. అది నేటికిని బిరడాకు ఒక్క చుట్టుతో వ్రేలాడుచు తరచు శ్రుతి జారును. వాయించిన పిదప పొడిబట్టతో తుడువుమని మేము పదే పదే చెప్పుచుండగా, అటక మీది మా వీణ మంద్రతంత్రి కిలుము పట్టి యెన్నాళ్ళయినదని వాడు మెల్లగా నడిగెను. మా వీణ సంగతి మరియొకప్పుడు.

తంత్రులతో కథ ముగియలేదు. ఇంటనే పాటను ధ్వనిముద్రణము చేయు సామగ్రియు కావలెననెను. మావారికి కోపము వచ్చెను. "పరీక్షలు నెత్తిమీద నుండగా ఈ తీగల పిచ్చి యేమి? అమ్మివేయుము" అనిరి. వాడు మారు పలుకక గిటారును సంచిలో పెట్టి, మూడు దినములు అన్నము సరిగా తినలేదు. మేము ఇరువురి నడుమ నలిగితిమి. మావారి మాట తప్పు కాదు. ఉపాధ్యాయుని జీతమున చదువే ఆస్తి. అయినను పదునారేండ్లవాని చేతినుండి ఇష్టమైనదానిని లాగివేసిన యిల్లు, తరువాత వాడు కూర్చుండి మాటలాడు ఇల్లుగా మిగులునా యని మా భయము. పరీక్షలగువరకు ముట్టరాదు, తరువాత కొనవచ్చునను నొడంబడికకు ఇద్దరిని తెచ్చితిమి. కమ్మలకని మేము కట్టిన చీటీ సొమ్ము దానికి వెచ్చమయినది.

ఆ సామగ్రి మూడే వస్తువులు. మొదటిది ఆడియో ఇంటర్‌ఫేసు. నాదమును అంకెలుగా మార్చి కంప్యూటరునకు పంపును. దానిలో గిటారునకు వేరుగా నొక ప్రవేశముండవలెను. మైకు రంధ్రములో గ్రుచ్చినచో నాదము పలుచబడి జీవము పోవును. రెండవది చెవులను పూర్తిగా మూయు హెడ్‌ఫోను. మూడవది మైకు. పని చేయించు ఆడాసిటీ యను ప్రోగ్రాము ఉచితముగనే దొరకును. మైకు విషయమున మాత్రము పొరపడవలసినవారమే. కండెన్సర్ మైకు శ్రేష్ఠమని విని, వాని స్నేహితునిది యెరువు తెచ్చి చూచితిమి. అది సూక్ష్మగ్రాహి, ఇంటర్‌ఫేసునుండి 48 వోల్టుల విద్యుత్తు దానికందవలెను. ఎంత సూక్ష్మగ్రాహి యనగా మూడిండ్ల యవతల కుక్కరు కూతయు, దారిన పోవు లారీలోని పీపాల చప్పుడును చక్కగా పట్టినది, మనుష్యుని పాటను తప్ప! కర్మాగారముల బస్సులును లారీలును తిరుగు మావంటి యూరికి డైనమిక్ మైకే తగినది. దానిని నోటికి జానెడు దూరమున నుంచినచో దూరపు చప్పుడులను అంతగా లెక్కచేయదు.

మరియొక చిక్కు వచ్చెను. ఏమి వాయించినను వెనుక తుమ్మెద రొద వంటి దొకటి. నగరమున నొక యంగడివాడు గిటారు తీగయని స్పీకరు తీగ నంటగట్టెనని పిదప తెలిసినది. దానికి లోపలి తొడుగు లేనందున చుట్టునున్న విద్యుత్తు రొదనెల్ల గ్రహించును. అది మార్చినను సగము రొద మిగిలెను. మన యింటి విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. ఈ గిటారున లావు తంత్రిపై మూడవ మెట్టు స్వరమునకు 49 కంపములు! రెండును ప్రక్కప్రక్కనుండి శ్రుతి కలియక పోట్లాడుచుండెను. కరెంటు మేస్త్రి వచ్చి చూచి, ఎండలకు మా యెర్తు గొయ్యి బీటలు వారినదని చెప్పి, తీగ సరిచేసి నీరు పోయించెను. రొద చాలవరకు తగ్గెను. రొద పోవునని మూడు ముళ్ళ ప్లగ్గున ఎర్తు ముల్లును తొలగించువారు కలరు. అది ప్రాణాపాయము; సోదరీమణులు తమ యిండ్ల పిల్లలను అట్లు చేయనీయరాదు.

ఇక అసలు సంగతి. మైకు వచ్చిన దినమున దేనినైన ముద్రించి చూడవలెనని మావాడు వాని నాయనమ్మను పాడుమనెను. మా యత్తమ్మకు డెబ్బది దాటినవి. గత శీతకాలపు జబ్బుతో గొంతు సన్నగిల్లినది. బతుకమ్మ పాటలు ఆమెకెన్ని వచ్చునో మేమెన్నడును లెక్కింపలేదు. 2014లో బతుకమ్మ రాష్ట్రపు పండుగ యైన తరువాత ప్రతి యేడు పెద్ద స్పీకర్లలో సినిమాఫక్కి పాటలు వచ్చుచుండగా, ఆమె పాడునవి మూలకు పడినవి. నిజము చెప్పవలెనన్న, భాగవతము చదివిన మాకు ఆ పాటలపై నంత గౌరవము నుండెడిది కాదు.

"ఏంది బిడ్డా, పాడుమని నోటి ముందట ఇనుపగుండు వెడ్తివి?" అని నవ్వి, ఆమె యొప్పుకొన్నది. మధ్యాహ్నపు బస్సులు పోయిన పిదప, ఫ్యాను నిలిపి, కిటికీలకు బొంతలు వ్రేలగట్టి, ఫ్రిజ్జును కూడ ఆపితిమి. మరల వేయుట మరచి దోసెపిండి పులియబెట్టుకొంటిమి. ఆమె యెత్తుకొన్నది. బతుకమ్మ పాటనగా ఒకరు చెప్పగా తక్కినవారు అందుకొనవలెను గదా. ఆమె ఒక చరణము చెప్పి ఆగి, మావైపు చూచెను. మాకు రాలేదు. పదునాలుగేండ్లు ఒకే చూరు క్రింద, ప్రతి భాద్రపద ఆశ్వయుజముల సంధిని తొమ్మిది దినములు ఆమె ప్రక్కన చప్పట్లు చరచుచు తిరిగినవారము. పెదవులు కదల్చితిమే గాని మాట నేర్వలేదు. "నాతోని అందుకునేటోళ్ళు ఇద్దరు పోయిండ్రు, ఒకామె బిడ్డ దగ్గరికి పోయింది" అని యామె మెల్లగా చెప్పెను. అందులో నింద యేమియు లేదు. అందుచేతనే మాకు తల యెత్తుట కష్టమయ్యెను.

ఆ దినము ముద్రణము ఆపి, మావారు కలము తీసి కూర్చుండిరి. ఆమె చెప్పగా వారు వ్రాసిరి. పిల్లల పరీక్ష పత్రములలో తప్పని తాము ఎర్రసిరాతో కొట్టివేయు మాటరూపములు తల్లి నోట వరుసగా వచ్చుచుండగా, వారు రెండు మూడు మారులు కలము నిలిపి, మరల ఉన్నదున్నట్లే వ్రాసిరి. మేము వారము దినములు ఆ కాగితములు పట్టుకొని వల్లించితిమి. ఒక పాటలో మూడవ చరణము ఆమెకు గుర్తునకు రాలేదు. రెండు రాత్రులు ప్రయత్నించి, "పోనియ్యి" అన్నది. ఆ చోటు కాగితమున ఖాళీగా నున్నది.

రెండవమారు ముద్రించునపుడు చప్పట్లు బాధ పెట్టినవి. గొంతునకు సరిపోవునట్లు మట్టము పెట్టినచో చప్పట్లకు అంకెల హద్దు దాటి నాదము పగులును. అట్లు పగిలినది మరల బాగుపడదు. పాలు పొంగుటకు గిన్నెలో చోటు విడిచినట్లు, మట్టమును మైనస్ 12 డెసిబెల్సు చెంత నుంచి పై చోటు విడువవలెనని అప్పుడు తెలిసినది. మేము మైకునకు నాలుగడుగులు వెనుకకు జరిగి చప్పట్లు కొట్టితిమి.

తరువాత మావాడు ఆ పాట క్రింద బేసు వాయింపబోయెను. ఆమె యెత్తుకొన్న శ్రుతి ఈ గిటారు మెట్లలో ఏ రెంటికిని నడుమ నున్నది. కంప్యూటరులో నాయనమ్మ గొంతునే జరుపవచ్చునని వాడు చెప్పగా మేము ఒప్పలేదు. వాద్యమే గొంతునకు శ్రుతి కలుపుకొనవలెను గాని గొంతు వాద్యమునకు గాదని మా నాయనగారు నేర్పినది. వాడు యంత్రము ప్రక్కన పెట్టి, చెవి యొగ్గి, నాలుగు తంత్రులను రవ్వంత దించెను. మొత్తము పాటకు మూడే స్వరములు వాయించెను. వ్రేలు జరిపినపుడు రెండు చోట్ల కీచుమన్నది. చదును తంత్రులైనచో రాదు గదా యని మేమన లేదు.

మన దేశమున మొదటి గ్రామఫోను ముద్రణములు 1902లో కలకత్తాలో జరిగినవి. గౌహర్‌జాన్ అను గాయని పాట ముగియగనే తన పేరు తాను ఇంగ్లీషున చెప్పెడిదట. దూరదేశమున రికార్డులు తయారుచేయువారు ఎవరి పాటయో గుర్తించుటకు. ఈ కథ మావాడు చెప్పగా, అత్తమ్మా, నీవును పేరు చెప్పవలెనంటిమి. ఆమె తల యూపెను. ఇప్పటికి పదునొకండు పాటలు ముద్రించితిమి. మొదటిదాని చివర చప్పట్లు ఆగిన పిదప, పేరునకు బదులు, ఆమె గొంతు స్పష్టముగా వినబడును: "ఇగ బందు జెయ్యి బిడ్డా, పొయ్యి మీద పాలున్నయి."